చేపల చెరువులో వేడి నిలకడ

చెరువు చేపకు తన ఒంటి వేడిని తానే నిలుపుకొనే శక్తి లేదు. పశువులు, పక్షులు, మనుషులు తిన్న ఆహారంలో కొంత భాగాన్ని ఖర్చుచేసి ఎండలోనైనా చలిలోనైనా శరీర ఉష్ణోగ్రతను దాదాపు ఒకే తీరున ఉంచుకుంటారు. చేప శరీరం మాత్రం చుట్టూ ఉన్న నీరు ఎంత వేడిగా ఉంటే ఇంచుమించు అంతే వేడిగా ఉంటుంది. ఇటువంటి జీవులను శీతరక్త జీవులు అనడం పాఠ్యపుస్తకాల్లో అలవాటైన మాటే కానీ, మే నెల మధ్యాహ్నం 33 డిగ్రీల నీటిలో తిరిగే చేప రక్తం చల్లనిది కాదు, నీటి వేడినే అనుసరించి మారే రక్తం. ఆకలి, అరుగుదల, ఎదుగుదల, రోగాన్ని తట్టుకొనే శక్తి అన్నీ ఆ మార్పుకు లోబడి నడుస్తాయి. నదిలో, సముద్రంలో ఉన్న చేపకు ఒకచోట వేడి ఎక్కువైతే లోతుకో నీడకో పోయే వీలుంటుంది. నాలుగు గట్ల మధ్య పెరిగే చేపకు అలా పోవడానికి చోటు లేదు కనుక, చెరువు తవ్వినవారే దాని వేడికీ చలికీ పూర్తి బాధ్యులు.

తెలుగు నేల మీద ఈ విషయాన్ని పరిశీలించడానికి కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు చుట్టూ పరచుకొన్న చెరువుల కన్నా తగిన చోటు లేదు. కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి, ఆకివీడు, ఉండి, భీమవరం ప్రాంతాల్లో ఒకప్పుడు వరి పండిన నల్లరేగడి నేలలు అనేకం ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఇక్కడ ఎక్కువగా పెరిగే శీలావతి, బొచ్చె, ఎర్రమోసు అనే మూడు రకాల చేపలూ 25 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ మధ్య నీటిలో బాగా తిని బాగా ఎదుగుతాయి. నీరు 20 డిగ్రీలకు దిగువకు పోతే మేత ముట్టడం బాగా తగ్గిపోతుంది. 35 దాటితే ఒత్తిడికి లోనవుతాయి. డెల్టా వాతావరణం ఏడాదిలో ఎక్కువ భాగం ఈ హద్దుల మధ్యనే ఉంటుంది కాబట్టి ఇక్కడి చెరువులకు ఉష్ణోగ్రత సమస్యే లేదని అనుకోవడం తేలిక. అయితే పంట నష్టాలు సగటు ఉష్ణోగ్రత వల్ల రావు. ఒకే రోజులో వచ్చే ఎగుడుదిగుళ్ల వల్ల, ఒకే చెరువులో పైనీటికీ అడుగునీటికీ ఏర్పడే తేడా వల్ల వస్తాయి. నిలకడ అన్న మాటను ఈ రెండు అర్థాల్లోనూ తీసుకోవాలి.

వేడి పెరిగినప్పుడు చేపకు కలిగే కష్టంలో పెద్ద భాగం ఊపిరికి సంబంధించినది. నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువునే చేప మొప్పల ద్వారా పీల్చుకుంటుంది, ఆ కరిగే పరిమాణం నీరు వేడెక్కిన కొద్దీ తగ్గుతుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. 30 డిగ్రీల దగ్గర అది 7.6కు, 35 డిగ్రీల దగ్గర 7కు దిగుతుంది. ఈ తగ్గుదల చూడటానికి చిన్నదే, కానీ నీటి వేడి 10 డిగ్రీలు పెరిగితే చేప శరీరానికి అవసరమయ్యే ప్రాణవాయువు దాదాపు రెట్టింపవుతుంది. సరఫరా తగ్గే వేళకే అవసరం పెరగడమన్నమాట. దీనికి తోడు చెరువు అడుగున పేరుకొన్న మేత వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కూడా వేడిలో మరింత చురుకై, అదే ప్రాణవాయువు కోసం చేపతో పోటీ పడతాయి.

అంతగా కంటికి కనబడని మరో ప్రమాదం అమ్మోనియా. చేపల విసర్జన నుంచీ తినకుండా మిగిలిన మేత నుంచీ పుట్టే ఈ పదార్థం నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది: ఒకటి చేపకు పెద్దగా హాని చేయనిది, రెండవది మొప్పల గుండా సులువుగా ఒంట్లోకి చేరి విషంగా పనిచేసేది. నీటి ఆమ్ల, క్షార స్వభావాన్ని తెలిపే పీహెచ్ విలువ 8 ఉన్న చెరువులో 20 డిగ్రీల వద్ద మొత్తం అమ్మోనియాలో 4 శాతం కన్నా తక్కువే విషరూపంలో ఉంటే, 30 డిగ్రీల వద్ద అది 7 శాతం దాటుతుంది. నాచు దట్టంగా పెరిగిన చెరువుల్లో ఎండ మధ్యాహ్నం పీహెచ్ 9 వరకూ పోవడం మామూలే, అప్పుడు 30 డిగ్రీల నీటిలో దాదాపు 45 శాతం విషరూపానికి మారుతుంది. చెరువులోకి కొత్తగా అమ్మోనియా ఒక్క చుక్క చేరకపోయినా, ఉదయం ప్రమాదం లేని నీరు మధ్యాహ్నానికి ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

ఇన్ని చిక్కులు వేడి వల్లనే వస్తున్నప్పుడు నీటిని నేరుగా చల్లబరచవచ్చు కదా, చలికాలంలో వేడిచేయవచ్చు కదా అనే ప్రశ్న సహజం. ఇంట్లో గాజుతొట్టికి ఆ ఉపాయం సరిపోతుంది, చెరువుకు సరిపోదు. ఒక ఎకరం విస్తీర్ణంలో ఒకటిన్నర మీటరు లోతున నీరు నిలిపితే అది సుమారు 60 లక్షల లీటర్లు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోక్యాలరీ శక్తి కావాలి. ఆ లెక్కన ఆ చెరువును కేవలం ఒక్క డిగ్రీ పెంచడానికి 7,000 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది దాదాపు మూడేళ్ల వాడకం. ఈ లెక్క నిరాశ కలిగించేదిగా కనిపిస్తుంది కానీ నిజానికి రైతుకు ఉన్న పెద్ద అండ ఇదే. చెరువును వేడెక్కించడం మనిషికి ఎంత కష్టమో ఎండకూ అంతే కష్టం. నీటికున్న ఈ గుణాన్ని, అంటే ఎంతో వేడిని లోపలికి తీసుకొని కూడా కొద్దిగానే వేడెక్కే స్వభావాన్ని, శాస్త్రంలో విశిష్టోష్ణం ఎక్కువ అని చెబుతారు. ఒకే ఘనపరిమాణపు గాలితో పోలిస్తే నీటికి ఈ శక్తి 3,000 రెట్లకు పైగా ఎక్కువ. కాబట్టి చెరువులో నీరు ఎంత ఉంటే నిలకడ అంత ఉంటుంది.

లోతు ఎంత తేడా తెస్తుందో వేసవి ఎండతోనే కొలవవచ్చు. కోస్తాలో మబ్బులేని మే నెల రోజున ఒక్కో చదరపు మీటరు నీటి మీద సుమారు 6 యూనిట్ల కరెంటుకు సమానమైన సౌరశక్తి పడుతుంది. అదంతా నీటిలోనే ఉండిపోయిందనుకొంటే, అరమీటరు లోతున్న చెరువు ఆ ఒక్క రోజులో 10 డిగ్రీలు వేడెక్కాలి. ఒకటిన్నర మీటరు లోతున్న చెరువు మూడున్నర డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఎండ ఒక్కటే, గాలి ఒక్కటే, చేప ఒక్కటే. మారిందల్లా గట్టు కొలబద్ద మీద నీటి మట్టం. రాత్రి చల్లబడే తీరులోనూ ఇదే వరుస, కనుక లోతు తక్కువైన చెరువులో చేప పగలు ఉడికినంత పనై, తెల్లవారేసరికి చలికి వణికే పరిస్థితి వస్తుంది. అలాగని లోతు ఎంత ఎక్కువైతే అంత మేలనీ కాదు. రెండున్నర, మూడు మీటర్లు దాటిన చెరువులో అడుగునీటిని గాలి కదిలించలేదు, అది వెలుతురూ ప్రాణవాయువూ లేని మృతజలంగా మిగిలిపోతుంది. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల లోతు ఈ రెండు ఇబ్బందులకూ మధ్యేమార్గం.

పగలు చేరిన ఆ మూడున్నర డిగ్రీల వేడి రోజురోజుకూ పోగుపడితే వారం తిరిగేసరికి చెరువు కాగిపోవాలి. అలా జరగకపోవడానికి ముఖ్యకారణం తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే, మట్టికుండ. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల నుంచి ఊరిన నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి నీటి నుంచి వేడిని తీసుకొని పోతుంది. చెరువు తన పైతలం నుంచి చేసే పనీ అదే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి 580 కిలోక్యాలరీల వేడి కావాలి, థర్మామీటరులో కనబడకుండా ఆవిరితో పాటు వెళ్లిపోయే ఈ వేడినే గుప్తోష్ణం అంటారు. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే ఒకటిన్నర మీటరు చెరువు సుమారు 2 డిగ్రీలు చల్లబడినట్టే, అంటే పగటి ఎండ తెచ్చిన వేడిలో సగానికి పైగా ఆ దారినే బయటికి పోతుంది. మిగిలినదాన్ని రాత్రిపూట నీరు ఆకాశంలోకి వెదజల్లుతుంది.

అందరూ భయపడే వడగాలి కన్నా ఉక్కపోత చెరువుకు ఎందుకు ఎక్కువ చేటో కూడా దీనివల్లే తెలుస్తుంది. గాలి 45 డిగ్రీలు ఉండి అందులో తేమ 20 శాతమే ఉన్నప్పుడు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 26 డిగ్రీల దగ్గర చూపుతుంది, అంటే ఆవిరి ద్వారా చల్లబడటానికి నీటికి అంత అవకాశం ఉంది. అదే గాలి 36 డిగ్రీలు ఉండి తేమ 70 శాతం ఉంటే ఆ తడిగుడ్డ థర్మామీటరు 31 డిగ్రీల దిగువకు రాదు. మనిషి ఒంటి మీద చెమట ఆరని రోజు చెరువు మీద వేడీ తగ్గదు. మబ్బు పట్టి, ఆకు కదలకుండా, ఉక్కపోసే రోజున ఎండ తక్కువగా ఉంది కదా అని ఊరట చెందే రైతు నిజానికి ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసింది ఆ రోజే.

ఇక రెండవ అర్థంలోని నిలకడకు, అంటే పైనీటికీ అడుగునీటికీ ఉండే తేడాకు వస్తే, దాన్ని చూడాలంటే గొప్ప పరికరాలు అక్కరలేదు. ఒక గాజుసీసాకు అడుగున రాయి కట్టి, మూతిని బిరడాతో బిగించి, ఆ బిరడాకు వేరే తాడు కట్టి, పడవలోంచి సీసాను చెరువు అడుగు దాకా దించాలి. అడుగు తగిలిన తర్వాత బిరడా తాడును ఒక్క లాగు లాగితే సీసాలోని గాలి బుడబుడమని పైకి వచ్చి, అడుగునీరు లోపల నిండుతుంది. బుడగలు ఆగగానే సీసాను తొందరగా పైకి లాగి అందులో థర్మామీటరు ఉంచి చూడాలి. ఎండ మధ్యాహ్నం మూడింటప్పుడు, గాలి లేని రోజున, పైనీటికీ ఈ సీసాలోని నీటికీ మధ్య రెండు మూడు డిగ్రీల తేడా కనిపించడం వింత కాదు. చాలాసార్లు తేడాను చెయ్యే చెబుతుంది: చెరువులో మెడలోతున నిలబడిన మనిషికి భుజాల దగ్గర గోరువెచ్చగా, పాదాల దగ్గర చల్లగా తగిలేది ఈ పొరలే.

వేడినీరు తేలిక, చల్లనీరు బరువు కాబట్టి ఎండకు కాగిన నీరు పైనే తేలి ఉండిపోతుంది. వెచ్చని దేశాల నీటికి ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. నీరు 4 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు మారినప్పుడు సాంద్రతలో, అంటే ఒకే కొలత నీటి బరువులో, వచ్చే తేడా కన్నా 30 నుంచి 31కి మారినప్పుడు వచ్చే తేడా 30 రెట్లకు పైగా ఎక్కువ. కాబట్టి డెల్టా చెరువులో ఒకటి రెండు డిగ్రీల తేడా కూడా పొరల మధ్య గట్టి తెరలా నిలుస్తుంది. దట్టమైన పచ్చనాచు ఆ తెరను మరింత బిగిస్తుంది, ఎందుకంటే వెలుతురునూ వేడినీ పై జానెడు నీటిలోనే పీల్చేసి కిందికి పోనివ్వదు. నాచు సాంద్రతను కొలవడానికి వాడే నలుపు తెలుపు పళ్లెం, 1865లో ఇటువంటి పళ్లెంతో ప్రయోగాలు చేసిన ఇటలీ మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కి పేరుతో సెక్కి డిస్క్ అని పిలవబడుతుంది. దాన్ని నీటిలోకి దించినప్పుడు 30 నుంచి 40 సెంటీమీటర్ల వద్ద కంటికి మరుగైతే చెరువు సరైన పచ్చదనంలో ఉన్నట్టు, 20 లోపే మరుగైతే నాచు మితిమీరినట్టు.

మామూలు రోజుల్లో ఈ పొరలు రాత్రికి రాత్రే చెదిరిపోతాయి. పొద్దు వాలాక పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, కింది నీరు పైకి వస్తుంది, తెల్లవారేసరికి చెరువంతా ఒకే వేడికి చేరుతుంది. ఉక్క తగ్గని రాత్రులు వరసగా నాలుగైదు వస్తే మాత్రం ఈ కలయిక అరకొరగానే జరిగి, అడుగు పొర రోజుల తరబడి మూతపడి ఉంటుంది. అక్కడి ప్రాణవాయువు అయిపోతుంది, బురదలోంచి అమ్మోనియా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన పడుతుంది. ఊరంతా చల్లబడిందని సంతోషించే ఆ వాన మర్నాటి తెల్లవారుజామున చెరువులో చేపలను పైకి తేల్చి నోళ్లు తెరిపించడం డెల్టాలో ఎందరికో అనుభవమే.

ఆ నష్టం వాననీటి చల్లదనం వల్ల జరిగిందనే నమ్మకం ఉంది కానీ లెక్క దాన్ని సమర్థించదు. 32 డిగ్రీలున్న ఒకటిన్నర మీటరు చెరువులో 24 డిగ్రీల వాననీరు ఏకంగా 10 సెంటీమీటర్లు కురిసినా, మొత్తం నీరు కలిశాక తగ్గే వేడి అర డిగ్రీ మాత్రమే. వాన చేసే అసలు పని చల్లబరచడం కాదు, పొరల మధ్య తెరను చించడం. చల్లని చినుకులు, గాలి కలిసి పైనీటిని కిందికి తోస్తే, రోజుల తరబడి మూతపడి ఉన్న అడుగునీరు ఒక్కసారిగా చెరువంతా కలుస్తుంది. చేపను చంపేది ఆ నీరు. దీన్ని సరిగా గ్రహిస్తే చేయవలసిన పని కూడా మారిపోతుంది. వాన వచ్చాక హడావిడి పడటం కన్నా, వానకు ముందున్న ఉక్క రోజుల్లోనే పొరలు గట్టిపడకుండా ప్రతిరోజూ నీటిని కలపడం ముఖ్యం.

ఈ పనికి ఇప్పుడు దాదాపు రొయ్యల చెరువులన్నింటిలోనూ, చాలా చేపల చెరువుల్లోనూ ఏరియేటర్లు ఉన్నాయి. తెడ్ల చక్రాలతో నీటిని చిమ్మే ఈ యంత్రాలను ప్రాణవాయువు కోసం రాత్రిపూట నడపడం అందరికీ తెలిసిందే. మధ్యాహ్నం వేళ ఒకటి రెండు గంటలు నడపడం మాత్రం కరెంటు దండగని చాలామంది మానేస్తారు, అక్కడే పొరపాటు జరుగుతోంది. మధ్యాహ్నం పైనీటిలో నాచు తయారుచేసిన ప్రాణవాయువు నీరు ఇముడ్చుకోగలిగినదానికన్నా ఎక్కువై గాలిలోకి పోతుంటుంది. అప్పుడు యంత్రం ఆ నీటిని అడుగుకు తోస్తే వేడీ ప్రాణవాయువూ రెండూ సమంగా పంచబడతాయి, అడుగు బురదకు ఊపిరి అందుతుంది, రాత్రికి చెరువులో ప్రాణవాయువు లోటు తక్కువగా మిగులుతుంది. ఇప్పటికే పొరలు గట్టిపడిపోయిన చెరువులో మాత్రం ఒక్కసారిగా అన్ని యంత్రాలూ వేయడం వాన చేసిన కీడే చేస్తుంది కనుక, ఒక మూల నుంచి మొదలుపెట్టి రెండు మూడు రోజుల్లో మెల్లగా కలపాలి.

రొయ్యల చెరువుల విషయంలో మరొక మెలిక ఉంది. ఉప్పునీటి మీద పడిన వాననీరు తేలిక కాబట్టి పైన పలచని పొరగా నిలుస్తుంది; వాన వెలిసి ఎండ కాస్తే వెలుతురు ఆ మంచినీటి పొరను దాటి కింది ఉప్పునీటిని వేడెక్కిస్తుంది, ఆ నీరు ఎంత వేడెక్కినా ఉప్పు బరువు వల్ల పైకి రాలేదు. ఇక్కడ వరుస తారుమారై, పైన చల్లగా, అడుగున వేడిగా ఉంటుంది, రొయ్య తిరిగేదేమో అడుగునే. గుజరాత్‌లోని భుజ్ దగ్గర 6,000 చదరపు మీటర్ల సౌరకుంటను తవ్వి, ఇదే సూత్రంతో అడుగునీటిని వేడెక్కించి పాలడెయిరీకి వేడినీరు అందించారు. అక్కడ కోరి సాధించినది ఇక్కడ రైతు కోరకుండానే జరుగుతుంది. వాన పడగానే పైతూము పలకలు తీసి పైనున్న మంచినీటిని బయటికి వదలడం, యంత్రాలతో కలపడం దీనికి మందు.

చలికాలపు లెక్క వేరు. పుష్యమాసపు తెల్లవారుజామున చెరువు మీద పొగలా లేచే మంచు చూడముచ్చటగా ఉంటుంది. శాస్త్రరీత్యా అది నీరు తనకన్నా చల్లని గాలికి వేడినీ ఆవిరినీ వదులుకొంటున్న దృశ్యం. ఆ వేళకు గట్టు మీద మనిషికి దుప్పటి కావలసినంత చలి ఉన్నా నీటిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, ఆ వెచ్చదనమే చేపల రక్షణ. రాత్రంతా తెడ్లు చిమ్మించడం వల్ల ఆ వేడి మరింత త్వరగా పోతుంది. చల్లనీటిలో ప్రాణవాయువు ఎక్కువ ఇముడుతుంది, చేపకు అవసరమూ తక్కువే, కనుక చేప మరీ దట్టంగా లేని చెరువుల్లో చలి రాత్రులు యంత్రాల గంటలు తగ్గించవచ్చు. మేత విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కర్రలకు కట్టిన చిల్లుల సంచుల్లో తవుడు, చెక్క పెట్టి మేపే ఆంధ్ర పద్ధతిలో సంచి ఖాళీ అవడమే ఆకలికి కొలత. నీరు చల్లబడ్డ రోజుల్లో మధ్యాహ్నానికి కూడా సంచి బరువుగానే ఉంటే, మర్నాడు మేత తగ్గించాలే తప్ప పాత లెక్క ప్రకారం నింపకూడదు. చలిలో చేప రోగనిరోధక శక్తి మందగించినప్పుడే, 1988 నుంచి దేశంలో కనిపిస్తున్న పుండ్ల వ్యాధి వంటివి విజృంభిస్తాయి.

మంచు గడ్డకట్టే దేశాల్లో చెరువును కాపాడే తీరు దీనికి పూర్తిగా భిన్నం. 4 డిగ్రీల వద్ద నీరు అన్నిటికన్నా బరువుగా ఉంటుంది కనుక, పైన మంచుగడ్డ ఉన్నా అడుగున 4 డిగ్రీల నీరు నిలిచి చేపను బతికిస్తుంది. అక్కడ చలికాలంలో అడుగునీటిని పంపుతో పైకి కలపడం చేటు, పొరలను అలాగే ఉండనివ్వడమే మేలు. ఇక్కడ ప్రాణం పోసే కలయిక అక్కడ ప్రాణం తీస్తుంది కనుక, పరదేశపు తోటకుంటల కోసం రాసిన సలహాలను డెల్టా చెరువుకు అలాగే వర్తింపజేయకూడదు.

తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇప్పుడు ఇంటి వెనుకా పొలం గట్టునా టార్పాలిన్ తొట్లలో కొరమీను పెంచడం కనిపిస్తోంది. వీటికి చెరువు కన్నా ఎక్కువ కష్టం ఉంది. 4 మీటర్ల వ్యాసం, ఒక మీటరు లోతున్న గుండ్రని తొట్టికి పైతలం ఎంత ఉంటుందో పక్కగోడ కూడా సరిగ్గా అంతే ఉంటుంది. నేలలో తవ్విన చెరువుకు పక్కల మట్టి కాపుగా ఉంటే, నేల మీద నిలబెట్టిన తొట్టికి ఆ గోడ నుంచి కూడా ఎండా చలీ తగులుతాయి. కొరమీను గాలిని కూడా పీల్చగల చేప కాబట్టి ప్రాణవాయువు తక్కువైనా ఓర్చుకొంటుంది గానీ, ఒంటి వేడి విషయంలో దానికీ మినహాయింపు లేదు. గోడల చుట్టూ వరిగడ్డి మోపులో మట్టికట్టో వేయడం, పడమటి ఎండకు పచ్చని షేడ్‌నెట్ కట్టడం, వీలైతే తొట్టిని సగం నేలలోకి దింపడం ఖర్చు తక్కువైన పనులు. ఇళ్ల ముందు సిమెంటు కుంటల్లో రంగుచేపలు పెంచేవారికి కలువ, తామర ఆకులు సగం నీటిని కప్పితే చాలు; మొత్తం కప్పితే గాలి తగలదు.

చెరువు గట్ల మీద చెట్ల గురించి అభిప్రాయ భేదాలున్నాయి. పడమటి గట్టున దట్టమైన చెట్లు సాయంకాలపు ఎండను ఆపుతాయి, అయితే గాలినీ ఆపుతాయి, ఆకు రాల్చి అడుగున కుళ్లునూ పెంచుతాయి. ఆవిరికీ కలయికకూ గాలి ఎంత అవసరమో పైన చూసిన తర్వాత, గాలిని ఆపని, పలచని నీడనిచ్చే కొబ్బరిని గట్ల మీద పెంచే గోదావరి ప్రాంతపు అలవాటు సరైనదనే చెప్పాలి.

బోరునీరు ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడిలో, డెల్టాలో సుమారు 28 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక వేసవిలో చెరువును చల్లబరుస్తుంది, చలికాలంలో వెచ్చబరుస్తుంది. అయితే అందులో ప్రాణవాయువు ఉండదు, అందువల్ల పైపును నేరుగా నీటిలో ముంచకుండా రాళ్ల మీదో రేకు మీదో పడి చిమ్మేలా పెట్టాలి. కొల్లేరు చుట్టుపక్కల చాలాచోట్ల భూగర్భజలం ఉప్పు కావడం వల్ల ఈ అవకాశం కూడా అందరికీ లేదు, చివరికి ఆధారం కాలువ నీరే.

కొత్త చేపపిల్లలను వదిలేటప్పుడు జరిగే తొందరపాటు కూడా చెప్పుకోదగ్గది. ప్రాణవాయువు నింపిన పాలిథిన్ సంచుల్లో లారీలో వచ్చిన పిల్లలను ఎండలోనే చెరువులో గుమ్మరిస్తే, సంచినీటికీ చెరువునీటికీ ఉన్న నాలుగైదు డిగ్రీల తేడాను ఆ చిన్న శరీరాలు ఒక్క నిమిషంలో భరించాలి. సంచులను మూతి విప్పకుండా అర్ధగంట సేపు చెరువు మీద తేలనిచ్చి, తర్వాత మూతి విప్పి దోసెడు దోసెడుగా చెరువు నీటిని లోపల కలిపి, సంచిని పక్కకు వంచితే పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ బయటికి వస్తాయి. ఈ పని తెల్లవారుజామున గానీ పొద్దు వాలాక గానీ చేయాలి.

ఇంతవరకూ చెప్పినదంతా నీటిలోతు మీదే ఆధారపడుతుంది, ఆ లోతుకు అతిపెద్ద గండం సరిగ్గా వేసవిలోనే వస్తుంది. డెల్టా కాలువలను మరమ్మతుల కోసం, నదిలో నీరు తగ్గడం వల్ల, వేసవిలో కొన్ని వారాలపాటు కట్టేస్తారు. ఎండ ముదిరే ఏప్రిల్, మే నెలల్లో చెరువు మీద రోజుకు 7 మిల్లీమీటర్ల చొప్పున నీరు ఆవిరైతే 45 రోజుల్లో ఒక అడుగుకు పైగా పోతుంది. కాలువ కట్టేసిన రోజున 5 అడుగులున్న చెరువు తిరిగి నీరు వదిలేసరికి 4 అడుగులకు దిగుతుంది, రోహిణి కార్తె ఎండలను ఆ తగ్గిన నీటితోనే ఎదుర్కోవాలి. నీటితో పాటు ఆవిరి కాని ఉప్పులూ అమ్మోనియా వంటి వ్యర్థాలూ చిక్కబడతాయి కూడా. ఈ లోటును తీర్చుకొనే పేరుతో చెరువులను కొల్లేరులోకి జరపడం పరిష్కారం కాదు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఆ సరస్సు వరదనీటిని నిలిపే సహజమైన తొట్టి, దాన్ని ఆక్రమించి తవ్విన ప్రతి చెరువూ పక్క చెరువుల నీటికీ ఊళ్ల నీటికీ చేటు.

కాబట్టి చేపల రైతులు కాలువ కట్టే తేదీ తెలిసిన వెంటనే గట్ల గండ్లు పూడ్చుకొని, చెరువును గరిష్ఠ మట్టానికి, వీలైతే మరో అడుగు పైకి నింపుకోవాలి. నింపుకొనే వీలు లేనివారు వేసవికి ముందే కొంత చేపను పట్టి అమ్మి చెరువు మీద భారం తగ్గించుకోవాలి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, పైనీటికీ అడుగునీటికీ విడివిడిగా వేడి కొలిచి, మేత లెక్క రాసే పుస్తకంలోనే ఆ నాలుగు అంకెలనూ రాసిపెట్టుకోవాలి. అందుకు కావలసినవి ఒక థర్మామీటరు, ఒక సీసా, రెండు తాళ్లు.